రేవు ఆటలో రసూల్ బీ గొంతు

అటక మీదున్నవన్నీ కిందికి దిగిపోయాయి. ఇత్తడి గంగాళం, చిరిగిన దోమతెర, అక్షరాలు అరిగిపోయిన కీబోర్డులు, 'గోళీ గేమ్స్' అని పసుపు రంగులో రాసున్న రేకు బోర్డు. దిగనిది గురునాథరావు ఒక్కడే. ముక్కాలి పీట మీద నిలబడి, భుజాల దాకా అటకలోకి దూరి, అక్కడినుంచే అరుస్తున్నాడు.

"సీడీల పెట్టెలు ఏటయిపోనాయే?"

రోజారమణి వంటింటి గుమ్మంలో నిలబడి చింతపండు పిసుకుతోంది. పులుసుకి కావలసినదానికంటే ఎక్కువే పిసికింది.

"నిన్నే అడుగుతన్నాను."

"ముందు మీరు దిగండి. ఈ వయసులో పడితే ఎముక అతకదు."

"నాను దిగను. పెట్టెలు కనబడేదాకా దిగను. అక్కడ సిరాజ్ బయల్దేరిపోనాడంట. ఆ గుంట ఫోన్ చేసింది, నాన్న చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వత్తన్నాడు మామయ్యా అని. ఆడొచ్చి, ఏదీ మా అమ్మ గొంతు అంటే ఏటి సూపించమంటావు? ఈ గంగాళమా?"

ఆ గుంట అంటే సిరాజ్ కూతురు ఉజ్మా. పోయిన వారం ఉన్నట్టుండి వచ్చి ఈ ఇంటి తలుపు తట్టింది. రుషికొండ మీద, ఫోన్లో ఆడే ఆటలు తయారుచేసే చిన్న కంపెనీలో ఆ పిల్లకి ఉద్యోగం. గురునాథరావు, సిరాజ్ కలిసి గోళీ గేమ్స్ పేరుతో ఒకప్పుడు నలభై తొమ్మిది రూపాయలకి అమ్మిన 'రేవు' ఆటని మళ్ళీ ఫోన్లోకి తెస్తానంది. మొదటి విడత సీడీ ఒక్కటిస్తే చాలంది. ఎందుకంటే అందులో ఆ పిల్ల నాయనమ్మ రసూల్ బీ గొంతుంది. రసూల్ బీ పోయి చాలా ఏళ్ళయింది. వాళ్ళింట్లో ఆవిడ ఫొటో ఒకటుంది గాని గొంతు ఎక్కడా లేదు. ఆ సీడీలు మా అటక మీద కావలసినన్ని ఉన్నాయి, మీ నాన్నని కూడా వెంటబెట్టుకురా అని గురునాథరావు ఛాతీ విరుచుకుని మాటిచ్చేశాడు.

ఆ మాటిచ్చినప్పుడు పక్కనే ఉండి కూడా రోజారమణి నోరు విప్పలేదు. ఇవాళ ఇక విప్పక తప్పలేదు.

"తాతబాబుకి ఇచ్చీసాను," అంది.

అటకలో అలికిడి ఆగింది.

"ఏ తాతబాబు?"

"నాకెంతమంది తమ్ముళ్ళున్నారేటి?"

"పద్మనాభం ఊళ్ళో ఉన్న తాతబాబుకా? ఆడింట్లో కంప్యూటరే లేదు. ఆడికెందుకే సీడీలు?"

"పిట్టలకి."

"పిట్టలు గేమ్స్ ఆడతాయేటే?"

"సేలో కడతారండి. గింజ పాలు పోసుకునేటప్పుడు తాళ్ళకి గుచ్చి వేలాడదీస్తే ఎండకి తళుక్కుమంటాయంట, పిట్టలు వాలవంట. నిరుడు వచ్చినప్పుడు అడిగినాడు. ఎలగూ అటక నిండిపోయింది కదా అని ఆటో మాట్టాడి ఎక్కించీసాను."

గురునాథరావు తల బయటికొచ్చింది. జుట్టు నిండా బూజు. కోప్పడతాడనుకుంది రోజారమణి. ఆయన కోప్పడలేదు. అదే ఆవిడకి ఇంకా కష్టంగా ఉంది.

"అన్నీనా?"

"అన్నీను."

"ఒక్కటి కూడా ఉంచలేదా?"

"ఇంక అయ్యి ఎవులికి పనికొత్తాయని మీరే అన్నారు కదా."

ఆయన మెల్లగా దిగి పీట మీదే కూలబడ్డాడు. చెప్పుల్లేని కాళ్ళకేసి చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ మాట తనే అన్నట్టు గుర్తొచ్చింది కాబోలు.

రోజారమణి చెప్పనిది ఇంకొకటుంది. ఆ ఆటో సందు తిరిగి కనుమరుగైనప్పుడు ఆవిడ గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఆ పెట్టెల్లో రసూల్ బీ గొంతుంటే, ఆ గొంతు పక్కనే తను ఆవిడకిచ్చిన మాట కూడా ఉంది. నా గొంతు ఆటలోంచి తీయించెయ్ రోజా, ఎందుకు తీయించావో మాత్రం నా కొడుక్కి తెలియనివ్వకు అని రసూల్ బీ ఒకనాడు చెయ్యి పట్టుకుని అడిగింది. రోజారమణి సరేనంది. మాట నిలబెట్టుకుంది కూడా. దానివల్ల కంపెనీ రెండు ముక్కలైంది, బావా బావా అని పిలుచుకునే ఇద్దరు మగవాళ్ళు మొహాలు చూసుకోవడం మానేశారు. అయినా ఆవిడ నోరు విప్పలేదు.

వీధిలో కారు ఆగిన చప్పుడైంది.

సిరాజ్ గుమ్మం అవతలే ఆగాడు. చొక్కా నిజంగానే ఇస్త్రీదే. చేతిలో నాన్‌ఖటాయి బిస్కెట్ల పొట్లం, వాళ్ళ వీధి బేకరీది. వెనక ఉజ్మా సంచి భుజాన వేసుకుని నవ్వుతూ నిలబడింది.

"బాగున్నావా అక్కా?" అన్నాడు. పక్కనున్న గురునాథరావు వైపు చూడలేదు.

"నానూ బాగానే ఉన్నానని సెప్పు," అన్నాడు గురునాథరావు భార్యతో.

"ఎవురూ అడగలేదని సెప్పక్కా."

"లోపలికి రమ్మను. గుమ్మంలో నిలబడి మాట్టాడితే సుట్టుపక్కలోళ్ళు ఏటనుకుంటారు?"

"రమ్మంటే వత్తాను. రమ్మను అంటే ఎలగ వత్తాను?"

ఉజ్మా ఇక ఆపుకోలేక నవ్వేసింది. "నాన్నా, మామయ్యా, మీరిద్దరూ ఇలాగే కంపెనీ నడిపారా?"

సిరాజ్ లోపలికొచ్చాడు. గోడకి ఆనించిన రేకు బోర్డు చూసి ఆగిపోయాడు. వంగి, దుమ్ము మీద వేలితో రాసి, కింద పసుపు రంగు బయటపడేదాకా తుడిచాడు.

"ఈ రంగు నాను కలిపిందే," అన్నాడు ఎవరితోనో.

అప్పుడు చెప్పేసింది రోజారమణి. వాయిదా వేస్తే తన వల్ల కాదని ఆవిడకి తెలుసు. పద్మనాభం, తాతబాబు, చేను, పిట్టలు, అంతా చెప్పింది. తప్పంతా తనదేననీ, ఆయనకి ఇవాళే తెలిసిందనీ కూడా చెప్పింది.

సిరాజ్ నాన్‌ఖటాయి పొట్లం తాడు విప్పుతున్నట్టే విప్పి మళ్ళీ ముడేశాడు.

"మా అమ్మని సేలో కట్టీసినారా అక్కా," అన్నాడు.

ఆ మాటలో కోపం లేదు గాని రోజారమణికి కళ్ళు చెమర్చాయి. అతను చెప్పుల వైపు కదిలాడు. ఉజ్మా అడ్డంగా నిలబడింది.

"ఎక్కడికి? చేలో ఉంటే చేలోనే వెతుకుదాం. కారుంది, సీడీ ఆడించే డ్రైవ్ నా సంచిలో ఉంది, లాప్‌టాప్ ఉంది. పద్మనాభం ఎంత దూరమని! అత్తా, నువ్వు కూడా పద."

పులుసు పొయ్యెక్కలేదు. చింతపండు గిన్నె అలాగే గట్టు మీద ఉండిపోయింది.

ఉజ్మా నడుపుతున్న కారులో ముందు సీట్లో గురునాథరావు, వెనక సిరాజ్, రోజారమణి. అద్దంలో ఇద్దరు మగవాళ్ళ కళ్ళూ కలిసినప్పుడల్లా ఎవరో ఒకరు కిటికీ వైపు తిరుగుతున్నారు. ఉజ్మా కావాలనే కెలికింది.

"అసలు కంపెనీ మొదలెట్టింది ఎవరు మామయ్యా?"

"నానే."

"ఆటలు రాసింది ఆయన," అన్నాడు సిరాజ్ వెనకనుంచి. "రాసి పెట్టుకుంటే కంపెనీ అయిపోద్దేటి? అట్టలేసి, బొమ్మేసి, జనం సేతుల్లో పెట్టింది నాను."

"గాజువాకలో నా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉండేదమ్మా," గురునాథరావు అద్దం వైపు చూడకుండా చెప్పాడు. "స్టీల్‌ప్లాంటు పిల్లలు వచ్చీవోరు. పాఠం సెప్తే నిద్దరోయీవోరు. ఆటలు పెట్టమనీవోరు. బయట పెద్ద కంపెనీల ఆటలు కొనాలంటే తండ్రి జేబు తడిమి సూసుకోవాల. కొన్నా మా డొక్కు కంప్యూటర్లలో నడిచీవి కాదు. అందుకని నానే రాసినాను. డొక్కు కంప్యూటర్లో నడవాల, తెలుగులో ఉండాల."

"అది రాసి బీరువాలో పెట్టుకున్నాడు," అన్నాడు సిరాజ్. "నాది పాటల క్యాసెట్లకి అట్టలేసే ప్రెస్సు. క్యాసెట్లు పడిపోతన్నాయి. నానెళ్ళి, బావా, పాటల క్యాసెట్ రేటుకి ఆటిస్తే కొనరా అన్నాను. నలభై తొమ్మిది. గోళీలు కొన్నట్టు కొనుక్కుంటారన్నాను. పేరు అక్కడే పుట్టింది."

"పేరు నాను పెట్టినాను."

"మాట నాదే కదా!"

రోజారమణి కిటికీలోంచి చూస్తోంది గాని చెవులు ఇక్కడే ఉన్నాయి. ఆ రోజులు ఆవిడకి బాగా ఇష్టం. ఆర్టీసీ కాంప్లెక్స్ పుస్తకాల కొట్లలో క్లిప్పులకి వేలాడే గోళీ గేమ్స్, గాజుల కొట్లో, ఫ్యాన్సీ షాపులో, ఆఖరికి భీమిలిలో వలలమ్మే కొట్లో కూడా. 'రేవు' ఆటలో ఓడలోంచి సరుకు క్రేనుతో ఎత్తి ఒడ్డుకి చేర్చాలి. 'కండక్టర్' ఆటలో కిక్కిరిసిన భీమిలి బస్సులో అందరికీ టికెట్ కొట్టి చిల్లర ఇవ్వాలి. ఎప్పుడు కరెంటు పోయినా ఆట ఆగినచోటు నుంచే మళ్ళీ మొదలయ్యేది. ఆ ఏర్పాటు లేకుండా గురునాథరావు ఏ ఆటా రాయలేదు. ఇంటర్నెట్ సెంటర్ల వాళ్ళు ఆ ఒక్కదానికే దండం పెట్టేవారు.

"అన్నిటికంటే పెద్ద ఆఫీసరు మీ అత్త," గురునాథరావు అన్నాడు. "పొయ్యి మీద ఎసరు పెట్టి కంప్యూటర్ ముందు కూర్చునేది. అన్నం ఉడికేలోగా ఒక ఆట అయిపోవాల. మజ్జిలో ఎవురూ నోరెత్తకూడదు. ఆవిడకి అర్థం కాలేదంటే ఆట బయటికెళ్ళేది కాదు, నాను మల్లీ రాయాల్సిందే."

"రెండుసార్లు అన్నం మాడింది," అంది రోజారమణి.

"ఆ రెండే బాగా అమ్ముడుపోనాయి!" అన్నాడు సిరాజ్.

మగవాళ్ళిద్దరూ ఒక్కసారే నవ్వారు. నవ్వాక తాము మాట్లాడుకోవడం లేదన్న సంగతి గుర్తొచ్చి, ఇద్దరూ గొంతు సవరించుకున్నారు. ఆనందపురం దాటేదాకా చెరో కిటికీకేసి చూస్తూ కూర్చున్నారు.

పద్మనాభంలో తాతబాబు రోడ్డు మీదికే ఎదురొచ్చాడు. అక్క ఫోన్లో చెప్పినదంతా విని భయపడ్డాడు గాని, అందరూ కలిసి కారు దిగడం చూసి ధైర్యం తెచ్చుకున్నాడు.

"బావా, నాకేటి తెలుసు? అక్క ఇచ్చింది, కట్టీసినాను. ఒక్క పిట్ట వాల్లేదు, ఒట్టు!"

చేను చూసి గురునాథరావు గట్టు మీద అలాగే నిలబడిపోయాడు. కంకులు వంగి ఉన్నాయి. వాటి మీదుగా కర్రనుంచి కర్రకి తాళ్ళు, తాళ్ళ నిండా సీడీలు. గాలి వచ్చినప్పుడల్లా అవి తిరుగుతున్నాయి, ఈ చివర మెరిసి ఆ చివర ఆరుతున్నాయి. తన జీవితంలో రాసిన ఆటలన్నీ ఒక్కచోట ఆయన ఎప్పుడూ చూసుకోలేదు.

"ఏ షాపోడూ మన సరుకు ఇంత బాగా పెట్టలేదు," అన్నాడు. ఆ మాట ఎవరితో అన్నాడో ఆయనకే తెలియదు గాని, సిరాజ్ తల ఊపాడు.

వెతకడం మొదలెట్టారు. తీరా చూస్తే చిక్కంతా అక్కడే ఉంది.

"మొదటి విడతకి నీలం బొమ్మ," గురునాథరావు ఉజ్మాకి చెబుతున్నాడు. "రెండో విడతకి ఎరుపు. మీ దాదీ గొంతు నీలం దాంట్లోనే ఉన్నాది. మరి ఇయ్యన్నీ ఒకటే రంగైపోనాయి."

ఏడాది ఎండకి బొమ్మలన్నీ వెలిసిపోయి తెల్లబడ్డాయి. కొన్నిటి మీది పూత చేప పొలుసులా రాలిపోతోంది. ఉజ్మా గట్టు మీద కూర్చుని, తాతబాబు కోసిచ్చినవి ఒక్కొక్కటే డ్రైవ్‌లో పెట్టింది. డ్రైవ్ గిర్రున తిరిగేది, ఆగేది, మళ్ళీ తిరిగేది. ఏమీ వచ్చేది కాదు. ఒకదాంట్లో మాత్రం భీమిలి బస్సు హారన్ ఒక్కసారి మోగి ఆగిపోయింది.

దొరక్కపోతే బాగుండునని రోజారమణికి అనిపించింది. ఆ వెంటనే, వంగి వంగి తాళ్ళు వెతుకుతున్న సిరాజ్ వీపు చూసి, అలా అనుకున్నందుకు సిగ్గేసింది. ఆవిడ కూడా చీర చెంగు దోపుకుని వెతకసాగింది.

గట్టు మలుపులో మగవాళ్ళిద్దరూ ఎదురుపడ్డారు. గట్టు సన్నం. ఒకరు దిగితే గాని ఇంకొకరు వెళ్ళలేరు. ఇద్దరూ దిగలేదు.

"ఒక్క మాట అడగాలని ఇన్నేళ్ళనుంచీ ఉంది," అన్నాడు సిరాజ్. ఈసారి మధ్యలో ఎవరూ లేరు. "మా అమ్మ మాట మోటుగుందని అన్న షాపోడెవుడు? పేరు సెప్పు."

గురునాథరావు చేతిలోని సీడీ అటూ ఇటూ తిప్పాడు. "గుర్తులేదు బావా."

"రెండో విడతలో మా అమ్మని తీసీసి, ఎవులో పిల్ల సేత 'దయచేసి మళ్ళీ ప్రయత్నించండి' అనిపించినావు. అదేటి బావా అంటే షాపోళ్ళు మోటుగుందన్నారన్నావు. నాను పూర్ణా మార్కెట్ నుంచి భీమిలి దాకా తిరిగి అడిగినాను. ఒక్కడు కూడా అలగనలేదన్నాడు. మరి నువ్వే కదా అన్నట్టు? మా అమ్మ మాట నీకే మోటుగా ఇనబడింది కదా?"

గురునాథరావు చేను మీదుగా భార్య వైపు చూశాడు. ఒక్క క్షణమే.

ఆ చూపు రోజారమణికి గుచ్చుకుంది. తీసెయ్యండి, ఎందుకని నన్ను అడక్కండి అని తను అన్న రోజు ఆయన నిజంగానే అడగలేదు. స్నేహితుడికి ఏం చెప్పాలో తోచక, నోటికొచ్చిన అబద్ధం ఒకటి చెప్పాడు. ఎంత అబద్ధం కావాలో ఆయనకి తెలియదు, అందుకని తనకే అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేదే చెప్పాడు. ఆ తర్వాత సెల్ ఫోన్లొచ్చాయి, సీడీలు పోయాయి, కంపెనీ మూతపడింది. ఒక్కసారైనా భార్యని కారణం అడగలేదు. ఆవిడకి ఆయన మీద ఎంత ప్రేమ పొంగిందంటే, ఆ గట్టు మీదే అందరి ముందూ ఏడుస్తానేమోనని భయపడింది.

"టీ తాగుదురు, రండి!" తాతబాబు ఇంటి వైపు నుంచి కేకేశాడు.

గట్టు మీంచి ముందు దిగింది గురునాథరావే.

వసారాలో నులక మంచం, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. తాతబాబు భార్య నాగశ్రీ స్టీలు పళ్ళెంలో టీ గ్లాసులు తెచ్చింది. ఈగలు పడకుండా ఒక్కో గ్లాసు మీదా ఒక్కో సీడీ మూతపెట్టి ఉంది.

సిరాజ్ చెయ్యి చాచినవాడు చాచినట్టే ఉండిపోయాడు.

"ఇది మా అమ్మ పని," అన్నాడు.

"రసూల్ పిన్ని దగ్గర నాను నేర్చుకున్నాను, నా దగ్గర ఇది నేర్చుకుంది," అంది రోజారమణి. కవర్లలో సీడీలు పెట్టే పనిలో రసూల్ బీ వాళ్ళ వసారాలోనే కూర్చునేది. టీ వచ్చిందంటే చేతిలో ఉన్న సీడీ తీసి గ్లాసు మీద పెట్టేది. సరుకు పాడవుతుందమ్మీ అని సిరాజ్ కేకలేసినా వినేది కాదు.

సిరాజ్ మూత తీశాడు. తీసి, తిప్పి చూసి, మళ్ళీ తిప్పాడు. నీలం సముద్రం, దాని మీద తెల్ల ఓడ, క్రేను కొక్కేనికి వేలాడుతున్న మూట. వంటింటి చీకట్లో ఉండిపోయినందుకు రంగు చెక్కుచెదరలేదు.

"బావా," అన్నాడు. "నీలం."

టీ ఎవరూ తాగలేదు. సిరాజ్ ఆ సీడీని ఇస్త్రీ చొక్కాతో తుడిచాడు. ఉజ్మా డ్రైవ్‌లో పెట్టింది. అది గిర్రున తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. లాప్‌టాప్‌లోంచి ఓడ కూత వినిపించింది.

సిరాజ్ ముందుకి జరిగి మీటల మీద వేళ్ళు పెట్టాడు. అలవాటు పోలేదు. ఒక మూట ఎత్తాడు, ఒడ్డు మీద దించాడు. రెండోది, మూడోది. ఒక్కటి కూడా జారలేదు.

"ఏదీ, అమ్మ మాట్టాడదేటి?"

"ఓడిపోవాల బావా," గురునాథరావు మెల్లగా అన్నాడు. "గెలిచినోడితో ఆవిడ మాట్టాడదు. మర్సిపోనావా?"

సిరాజ్ మీట వదిలేశాడు. మూట సముద్రంలో పడింది. నీళ్ళు చిందిన చప్పుడు, ఆ వెనకే కొద్దిగా బొంగురుపోయిన, తీరుబడిగా ఉన్న ఒక ఆడగొంతు.

"పడితే పడిందిలే నాన్నా. ఏటయిపోద్ది? మల్లీ ఎత్తు."

ఉజ్మా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నాయనమ్మ పోయేనాటికి ఆ పిల్లకి ఊహ తెలియదు. సిరాజ్ ఇంకో మూట ఎత్తి, ఎత్తగానే వదిలేశాడు.

"పడితే పడిందిలే నాన్నా. ఏటయిపోద్ది? మల్లీ ఎత్తు."

"నాను మొదట వేరేది రాసిచ్చినాను," గురునాథరావు కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "మీరు ఓడిపోయారు, మళ్ళీ ప్రయత్నించండి అని. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, మైకు ముందు కూర్చోబెట్టినాం. కాయితం సదివించుకుని, పిల్లలతో ఇలగ ఎవులు మాట్టాడతారురా అని పక్కన పడీసింది. తర్వాత ఇది అంది. ఒక్కసారే అంది. నాకియ్యి బావా, నానొక్కసారి ఓడిపోతాను."

"ఉండవయ్యా, నాది అవ్వలేదు."

ఇద్దరూ మీటల కోసం చేతులు తోసుకున్నారు. మూట మీద మూట నీళ్ళలో పడుతోంది, రసూల్ బీ విసుక్కోకుండా అదే మాట చెబుతోంది. రోజారమణికి కడుపు నిండినట్టుంది. మళ్ళీ ఇంత సంతోషంగా ఆ ఇద్దరినీ చూస్తాననుకోలేదు. ఇలాగే ఇవాళ్టికి ముగిసిపోతే ఎంత బాగుంటుందో అనుకుంది.

అప్పుడే నాగశ్రీ చేతిలోంచి స్టీలు గ్లాసు జారి ఖణేలుమని కిందపడింది. తాతబాబు నడుం మీద చెయ్యి వేసుకుని, గొంతు బొంగురు చేసి, "పడితే పడిందిలే నాన్నా! ఏటయిపోద్ది? మల్లీ ఎత్తు!" అన్నాడు.

అచ్చం అలాగే వచ్చింది. అందరూ పగలబడి నవ్వారు. సిరాజ్ మరీను.

"చూశావా అత్తా?" ఉజ్మా కళ్ళు మెరుస్తున్నాయి. "ఇంకా ఫోన్లోకి రానే లేదు. వచ్చిందంటే వైజాగ్ వైజాగంతా ఇదే అంటుంది. ఎవరు కిందపడినా దాదీ మాటే!"

రోజారమణి నవ్వలేదు.

"కాసేపు దాన్ని ఆపమ్మా," అంది. "సిరాజ్, ఇలగ తిరుగు. ఆ గొంతు మీ బావకి మోటుగా ఇనబడలేదు. షాపోళ్ళూ అనలేదు. తీయించమన్నది మీ అమ్మే."

నవ్వులు ఆగాయి.

"ఆ రోజు వాన. మీ బజారు మెట్ల మీద కాలు జారింది పిన్నికి. కూరల సంచి బోర్లాపడింది. మోచెయ్యి దోక్కుపోయింది. సుట్టూ ఉన్నోళ్ళందరికీ ఆవిడ ఆటలో గొంతని తెలుసు. ఒకడు మొదలెట్టినాడంట, పడితే పడిందిలే నాన్నా అని. తర్వాత అందరూ. మల్లీ ఎత్తు, మల్లీ ఎత్తు అని సప్పట్లు కొట్టినారంట. ఒక్కడు సెయ్యి అందించలేదు. వంకాయలు తనే ఏరుకుని, తనే లేచి, తడిసి మా ఇంటికొచ్చింది. పిల్లల కోసం అన్న మాట రోజా, నా మీదికే తిప్పీసినారు అంది. నాను పసుపు రాస్తన్నంతసేపూ అదే మాట. తీయించెయ్, మావోడికి మాత్తరం సెప్పకు, తెలిస్తే బజారు మీద కొట్లాటకి దిగుతాడు అని నా సెయ్యి పట్టుకుంది."

సిరాజ్ నేల వైపు చూస్తున్నాడు.

"ఎవుళ్ళు ఆళ్ళు?"

"పిన్ని పేర్లు సెప్పలేదు. నువ్విలగ అడుగుతావనే సెప్పలేదు."

"కొట్లాటకి దిగుదును," అన్నాడు. "నిజమే. దిగుదును." తర్వాత గురునాథరావు వైపు తిరిగాడు. "నీకూ తెలీదా?"

"అడగొద్దంది. అడగలేదు."

"మరి ఊరంతా తిరిగి నిన్ను తిట్టినాను కదయ్యా నాను!"

"నీ సేత తిట్లు తినడం నాకు కొత్తేటి బావా?"

సిరాజ్ నవ్వబోయాడు గాని సగంలోనే ఆగింది. చెయ్యి చాచి గురునాథరావు జుట్టులో ఇంకా మిగిలిపోయిన అటక బూజుని దులిపాడు. దులిపాక ఆ చెయ్యి ఆయన భుజం మీదే ఉంచేశాడు.

తాతబాబు తల వంచుకుని గ్లాసు తీశాడు. అతనన్నది తప్పు కాదని అందరికీ తెలుసు, అయినా అతని మొహం చిన్నబోయింది.

ఉజ్మా లాప్‌టాప్‌ని ఒళ్ళోకి లాక్కుంది.

"నాన్నా," అంది. "దాదీ వద్దందంటే... ఫోన్లో పెట్టనా, మాననా? మీరు పెట్టమంటే పెడతాను. వద్దంటే ఈ సీడీ మనింట్లోనే ఉంటుంది. ఏదో ఒకటి చెప్పండి."

అందరూ సిరాజ్ వైపు చూశారు. తెర మీద ఆట ఆగినచోటే ఆగి ఉంది. క్రేను కొక్కేనికి మూట ఒకటి గాల్లో వేలాడుతోంది.

సిరాజ్ లాప్‌టాప్‌ని తన వైపు తిప్పుకున్నాడు. మీట మీద వేలు పెట్టాడు.

"ఇంకొక్కసారి ఓడిపోనియ్యమ్మా," అన్నాడు. "తర్వాత సెప్తాను."